వెంట్రుకల పెద్దాయన

వెంట్రుకల పెద్దాయనకు ఉన్నది ఒకటే పిచ్చి. ఎవరు ఎదురైనా బాగున్నారా అని అడగడు, "కాస్త జుట్టు ఇస్తారా?" అంటాడు. పోస్టుమన్‌ని అడిగాడు. పీటల మీదున్న పెళ్లికొడుకునీ అడిగాడు. ఆయన నెత్తి మీద మాత్రం భూతద్దం పెట్టి వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు.

అలాంటి మనిషి రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటే సెలూన్ బాబాయి గతి ఏం కావాలి? గిరాకీ కుర్చీలో కూర్చోవడం ఆలస్యం, కవరు పట్టుకుని వెనకాల నిలబడేవాడు.

"మెడ వెనక, కుదురుకి ఆనించి కత్తిరించు. కింద పడ్డది పనికిరాదు."

"మాస్టారూ, మీకు దండం పెడతాను. ఉన్న నలుగురూ పక్క వీధి సెలూన్‌కి పోతున్నారు."

"పోనీలే. మధ్యాహ్నం నేనూ అక్కడికే వెళ్తున్నాగా."

పెద్దాయన ఊరి చివర బొగ్గు కరెంటు కేంద్రంలో ముప్పై ఏళ్లు ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గులో పాదరసం ఉంటుందట. పొగతో పైకి పోయి, వానతో చెరువులోకి దిగి, చేపల్లో చేరుతుందట. చేప ఎంత పెద్దదైతే విషం అంత ఎక్కువ. తిన్నవాళ్ల జుట్టులో అది బయటపడుతుంది. ఐదొందల మంది జుట్టు పరీక్ష చేయించి తెస్తే పొగగొట్టానికి వడపోత పెట్టించే సంగతి చూస్తామని ఆ కేంద్రం ఆఫీసువాళ్లు నవ్వుతూ అన్నారు. ఈయన నవ్వలేదు. వెళ్లి కవర్లు కొన్నాడు.

ఒకరోజు ఆయన చూపు బాబాయి కూతురి మీద పడింది. ఐదో నెల కడుపుతో పుట్టింటికొచ్చిన పిల్ల. బలమని బాబాయి రోజూ చెరువు చేపల్లో పెద్దది ఏరి తెచ్చి పెడుతున్నాడు.

"అమ్మాయి జుట్టు కావాలయ్యా."

బాబాయికి ఒళ్లు మండింది. పీడ విరగడవుతుందని నేల మీది వెంట్రుకలు గుప్పెడు ఊడ్చి కవర్లో కుక్కి, పైన కూతురి పేరు రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన ప్రత్యక్షం. "మీ అమ్మాయికి నెరిసిన మీసాలు ఎప్పుడొచ్చాయి?"

కుర్చీలో ఉన్న గిరాకీ పడీపడీ నవ్వాడు. పెద్దాయన కవరు బల్ల మీద పెట్టి మెల్లగా అన్నాడు. "ఆ బొగ్గు పరీక్ష చేసింది నేనేనయ్యా. బూడిద ఎంత, తేమ ఎంత అని అడిగారు, రాసిచ్చాను. పాదరసం ఎంతని ఎవరూ అడగలేదు. నేనూ చూడలేదు. కడుపులో బిడ్డ మెదడుకి అది మంచిది కాదు."

బాబాయి కత్తెర తీసుకుని సెలూన్ వెనకే ఉన్న ఇంట్లోకి నడిచాడు. కూతురి మెడ వెనక, కుదురుకి ఆనించి కత్తిరించి కొత్త కవర్లో వేశాడు.

ఫలితం వచ్చింది. ఎక్కువే ఉంది. "కంగారు పడకు. చెరువు చేప ఇవాళే మానిపించు, మెల్లగా దిగుతుంది," అని పెద్దాయన వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి రోజూ గుమ్మం ముందు ఒక డబ్బా. అందులో వేలెడేసి సముద్రపు చేపలు. వారం చూసి బాబాయి కాపు కాశాడు. పెద్దాయన సైకిలు మీద అలాంటి డబ్బాలే పద్నాలుగు ఇళ్ల ముందు పెడుతున్నాడు. అన్నీ కడుపుతో ఉన్నవాళ్లో, చంటిపిల్లలో ఉన్న ఇళ్లే.

"ఏంటి మాస్టారూ ఇది?"

"పిల్లికని కొన్నానయ్యా, మిగిలాయి."

"మీకు పిల్లి లేదుగా."

"అందుకే మిగిలాయి."

మూడు నెలలకు కూతురి జుట్టులో పాదరసం సగానికి సగం దిగింది. అప్పటికి బాబాయే కవర్ల కట్ట జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. గిరాకీ నోరు తెరవకముందే, "కాస్త జుట్టు ఇస్తారా?" అంటున్నాడు.

చివరికి ఒక పొద్దున పెద్దాయన నీరసంగా వచ్చాడు. "నాలుగొందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయిందయ్యా."

బాబాయి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వంచి, కళ్లజోడు సర్దుకున్నాడు. మెడ వెనక, చొక్కా కాలరు చాటున, చిటికెడు తెల్ల వెంట్రుకలు.

"ముప్పై ఏళ్లు ఆ పొగ కిందే ఉండి ఈ చెరువు చేపే తిన్న మనిషి మీరు, మీది ముందు తియ్యాల్సింది," అని కవరు ఆయన చేతికిచ్చాడు. "గట్టిగా పట్టుకోండి. కింద పడ్డది పనికిరాదు. ఫలితం వచ్చిన రోజు ఆఫీసు తెరిచేసరికి అక్కడుండాలి, నేనూ వస్తున్నా."