శనక్కాయ నూనె పోసిన డ్యాంపర్

శనక్కాయ నూనెలో ఇనుప రజను కలిపి, కర్నూలు ఎండలో రేకుల షెడ్డు కింద నెలన్నర పెడితే ఎలాంటి కంపు వస్తుందో లోకంలో ఇద్దరికే తెలిసి ఉంటుంది. ఒకణ్ణి నేను. రెండోవాడికి ఆ కంపుతో ఏ సంబంధమూ లేదు, పాపం పీల్చాడంతే.

గుజరాత్ భూకంపం జరిగి నాలుగైదేళ్లయినా కాలేజీల్లో ఇంకా అదే మాట. ఎం.టెక్ చివరి ఏడు మా ఇద్దరికీ పొడుగాటి వంతెనలకు భూకంపపు ఊపు తగ్గించే ప్రాజెక్టు ఇచ్చారు. సంగతి సులువే. వంతెన పలకకూ స్తంభానికీ మధ్య మోటారు సైకిల్ షాక్ అబ్జార్బర్ లాంటి గొట్టం పెడతారు. అదే డ్యాంపర్. అందులో ఇనుప పొడి కలిపిన నూనె ఉంటుంది. గొట్టంలోని తీగచుట్టలో కరెంటు పారితే నూనె చిక్కబడి పిస్టన్‌ను పట్టుకుంటుంది, ఆపితే పలచబడి వదిలేస్తుంది. ఊపు ఎంత ఉంటే అంత మేరకే కరెంటు పంపాలి. ఆ పంపే ప్రోగ్రాం నా జతగాడు రాశాడు. ఆలూరు దగ్గర పల్లెలో, చర్చి వెనక రెండెకరాల మెట్ట ఉన్న ఇంటివాడు. ఒక పెద్ద పరిశోధన సంస్థ నుంచి వాడికి పీహెచ్‌డీ సీటు కోసం ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కరెంటు ఇచ్చినప్పుడు వంతెన ఎంత ఊగింది, ఆపినప్పుడు ఎంత ఊగింది, ఆ రెండు రీడింగులూ తెమ్మన్నారు. వాడి ఆశంతా ఆ రెండు కాగితాల మీదే.

నాది డోన్‌లో నూనె అంగడి ఉన్న ఇల్లు. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అవ్వ గొప్పగా చెప్పుకునేది. అందుకని కొనుగోళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. సిలికాన్ నూనె, మైదాలాంటి మెత్తని ఇనుప పొడి హైదరాబాదు నుంచి తెప్పించమన్నాడు గైడు. ధర వినగానే నాకు రోషం వచ్చింది. నూనె అమ్మే ఇంటివాడికే నూనె అమ్ముతారా? అంగట్లో డబ్బా అడుగున మిగిలిన మడ్డి తెచ్చాను. లేత్ షాపులో నేల ఊడ్చిన రజను తెచ్చాను. మేస్త్రీ దాన్ని ఊరికే ఇస్తానన్నా వదలక, గోనెసంచి కూడా ఇమ్మని బేరమాడాను. భూకంపం కూడా మా మామ మిల్లు నుంచే వచ్చింది: శనక్కాయలు జల్లించే పాత జల్లెడ, మోటారుతో సహా. దాని మీద మా బారెడు నమూనా వంతెనను బిగించాం. మొదట్లో పిస్టన్ చేతికి బాగానే కదిలింది. ప్రోగ్రాం పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి.

వైవా రోజు పొద్దున జతగాడు పిస్టన్ పట్టుకుని లాగాడు. రాలేదు. ఇనుము అడుగున అట్టకట్టింది, నూనె బంకలా సాగుతోంది. కంపు తట్టుకోలేక ఇద్దరం కిటికీ దగ్గరికి పోయాం.

"ఏమప్పా, కరెంటు ఇయ్యకముందే బిగుసుకొని ఉండాది గదా ఇది," అన్నాడు వాడు. "వచ్చే సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్దాం. నెల గడువిస్తారు. మంచి నూనె తెచ్చి మళ్లా చేద్దాం. నా ఇంటర్వ్యూకు ఇంకా శానా దినాలుండాయి."

సరేనన్నాను. అప్పటికి నిజంగానే అన్నాను.

బయటి కాలేజీ నుంచి పరీక్షకు వచ్చిన సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. డ్యాంపర్ లేకుండా జల్లెడ ఆడిస్తే వంతెన చిందులు తొక్కింది. డ్యాంపర్ బిగించి, కరెంటు ఇచ్చి ఆడిస్తే పలక కదల్లేదు. ఎలా కదులుతుంది, మేకు కొట్టినట్టు స్తంభానికి అతుక్కుపోయింది. నిజం వంతెనైతే ఆ దెబ్బంతా స్తంభం మీద పడి అది విరిగేది. ఆయన మాత్రం మెచ్చుకోలుగా తలాడించాడు. ఆ తలాడింపుతో నాలో అంగడివాడు లేచి కూర్చున్నాడు. కొనేవాడు సరుకు బాగుందన్నాక మూట మళ్లీ విప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

"ఇప్పుడు కరెంటు ఆపి చూపిస్తాం సార్," అంటూ జతగాడు స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఆపితే పలక మళ్లీ ఊగాలి. ఊగదు. బండారం బయటపడుతుంది.

నేను వాడికీ స్విచ్చుకూ మధ్య నిలబడ్డాను. "ఈ కంపులో మీకెందుకు సార్ ఇబ్బంది? ఆ రీడింగులు తర్వాత పంపిస్తాం. సంగటి, నాటుకోడి పులుసు వచ్చినాయి, చల్లారిపోతాండాయి."

మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. ఆ పులుసు ఆయన కోసం నేనే హోటల్లో చెప్పి పెట్టాను. ఆయన గడియారం చూసుకుని సంతకం చేశాడు. ఇద్దరికీ ఫస్టు క్లాసు.

పాసైనవాళ్లకు ల్యాబుతో పనేముంది? మర్నాడే మా వంతెన విప్పించేశారు. జతగాడు గైడు దగ్గరికి పోయి జరిగింది చెప్పి, నెల రోజులు ల్యాబు అడిగాడట. పాసైనాక నీకు ఈ రోగమేమిటని ఆయన కసిరాడట. గొట్టం కడిగింది నేను. కిరోసిన్, సబ్బు, చింతపండు, ఏది పెట్టి తోమినా అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి అదే కంపు.

ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చే రోజు వాడి కోసం డోన్ స్టేషన్‌కు పోయాను. సీటు రాలేదని ముఖమే చెప్పింది. ఏమడిగారన్నాను.

"కరెంటు ఆపిన రీడింగులు యాడ అన్నారు. లేవు సార్, బిగుసుకున్న డ్యాంపర్ సూపించి పాసైనాం అని చెప్పినా. ఆ నూనె ఎవరు పోసినారని అడిగినారు."

"ఏమన్నావు?"

"నేనే అన్నా."

వాడు నా ఊసెత్తలేదని తెలియగానే, ముందు నాకు హాయిగా అనిపించింది. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను, వాడి ఎదురుగానే. వాడు చూశాడు కూడా. ఆ పీల్పు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

టీ తాగుదాం రాప్పా అన్నాను. ఆలూరు బస్సుకు టైమైందన్నాడు. సంచి పట్టుకుంటానంటే అదీ ఇవ్వలేదు.