గుండు కింద దాగిన జబ్బు

ఆ పొద్దున నా కోడలు సుభద్ర బిందెడు నీళ్లు వాకిట్లో పారబోసింది. ఎండాకాలంలో మా కోడుమూరులో నీళ్లు పారబోసేవాళ్లుండరు. ఎందుకని అడిగితే, "తాగొద్దత్తా, మందు కలిపినారు. వాళ్లే నాతో చెప్తాండారు" అంది. వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం.

అప్పటికి ఆరు నెలలుగా ఆమెకు ఒంట్లో బాగాలేదు. వేళ్ల కీళ్లు వాచేవి. నోట్లో పుండ్లు. శనక్కాయ చేనులో ఎండకు నిలబడితే చెంపలు రెండూ ఎర్రగా కమిలేవి. సాయంత్రమైతే జ్వరం. దువ్వితే గుప్పెడు జుట్టు ఊడేది. ఊళ్లో డాక్టరు ప్రతిసారీ నొప్పుల సూది వేసి పంపాడు.

వారం తిరగకుండా ఆమెకు నిద్ర, తిండి రెండూ పోయాయి. ఒకనాడు నన్నే "ఎవరు నువ్వు?" అంది. పక్కింటి రంగమ్మ, "గాలి సోకినాదక్కా. దేవునికి గుండు ఇప్పించు, దిగిపోతాది" అంది. నా కొడుకు వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను.

గుడి దగ్గర గుండు చేసే ఆయన కత్తి ఆపి, "ఏమ్మా, జుట్టు బిళ్లలు బిళ్లలుగా ఊడిపోయుండాది. ఏమన్నా జబ్బా?" అన్నాడు.

"దేవునికిచ్చే జుట్టుకు ఆరాలెందుకప్పా? నీ పని నువ్వు చెయ్" అన్నాను.

గాలి దిగలేదు. కర్నూలులో మానసిక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. కీళ్ల నొప్పులు, జ్వరం ఉన్నాయని నేను చెప్తుంటే, "మనసు బాగాలేనోళ్లు అట్లే చెప్తారమ్మా" అన్నాడు. నాడి కూడా చూడలేదు. హాలోపెరిడాల్ అనే పిచ్చి మందు రాశాడు. మూడు నెలలకు ఆమె దవడలు బిగుసుకున్నాయి, చొంగ కారేది. మాటలు వినపడటం మాత్రం ఆగలేదు. డోసు పెంచాడు. ఇంకో డాక్టరుతో "రెసిస్టెంట్ కేసు, మందుకు లొంగదు" అన్నాడు. మందు పనిచేయకపోతే మందును అనాలిగానీ మనిషిని అంటారా?

తర్వాత కాళ్లు, మొహం ఉబ్బాయి. ఒంటికి నీరు పట్టిందని పెద్దాసుపత్రిలో మెడిసిన్ వార్డుకు పంపారు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆమె నోరు తెరిపించి చూసింది, వేళ్లు ఒక్కొక్కటే ఒత్తింది.

"గుండుకు ముందే జుట్టు ఊడినాదా?"

గుడి దగ్గర జరిగింది చెప్పాను. "ఆ బిళ్లలు కనపడింటే అనుమానం వచ్చేదమ్మా" అంది.

నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. జుట్టు నేనే తీయించాను, నిజమే. వాచిన వేళ్లనైతే నేను దాచలేదు. మూడు నెలలూ అవి ఆ మానసిక డాక్టరు బల్ల మీదే ఉన్నాయి.

మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు. రక్తం హైదరాబాదుకు పంపితే ఏఎన్ఏ, డీఎస్‌డీఎన్ఏ అనే పరీక్షలు రెండూ పాజిటివ్ వచ్చాయి. "ఇది ల్యూపస్. జబ్బులతో కొట్లాడాల్సిన ఇమ్యూనిటీ ఈమె సొంత ఒంటినే కొడతాంది. కీళ్లు, కిడ్నీ, మెదడు కూడా. ఆ మాటలు వినపడేది అందుకే" అని చెప్పింది డాక్టరమ్మ. స్టెరాయిడ్ డ్రిప్ పెట్టారు. ఆరో రోజు సుభద్ర తల తడుముకుని, "అత్తా, నా జుట్టేది?" అంది. వార్డంతా వినేలా ఏడ్చాను.

కథ అక్కడితో అయిపోలేదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలతో మొహం గుండ్రమైంది. "గుమ్మడికాయ" అని వీధిలో ఎగతాళి చేస్తే సుభద్ర మాకు చెప్పకుండా మాత్రలు మానేసింది. నెలకే మాటలు మళ్లీ మొదలయ్యాయి, మాత్రలు మళ్లీ మింగించాకే ఆగాయి. కిడ్నీ కోసం నెలనెలా సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఎక్కించారు. పిచ్చి మందు మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు.

మూడేళ్లయింది. సుభద్ర ఎండకు పోదు, ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మాత్రలు తప్పవు. "పిచ్చిది కుట్టిందా ఇది?" అని ఒకామె అంటే, "తొడుక్కోని చూడు పిన్నీ, కొలత తప్పినాదేమో" అంది.

సుభద్ర దగ్గరే నేను అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న కర్నూలు పాత చీటీలు తీసి ఇంగ్లీషులో ఏం రాశారో చదివి చెప్పమన్నాను. మొదటి చీటీలో "శరీర పరీక్ష నార్మల్" అని ఉందట. చెయ్యి ముట్టకుండా రాసిన మాట అది.

మతి చెడినవాళ్లందరికీ ఇదే జబ్బని నేను చెప్పడం లేదు. కాకపోతే మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మతి తప్పితే, అంతకుముందు ఆరు నెలల్లో ఒంటికి వచ్చిన ప్రతి నొప్పీ, జ్వరం, పుండూ ఒక కాగితం మీద రాయండి. రాయడం రాకపోతే రాయించుకోండి. డాక్టరు చదవకపోతే మీరే పైకి చదవండి. రక్తం, మూత్రం పరీక్షకు రాసిచ్చేదాకా ఆ గదిలోంచి లేవకండి.