సముద్రం అడుగున నేర్చిన ఊపిరి

మొన్న పెండ్లికని గుమ్మడిదల పోతుంటే, ఫ్యాక్టరీల మలుపు రాంగనే నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది, బస్సులో నా పక్కన కూసున్న నా ఈడు ఆమె చెయ్యి కూడా గట్లనే పోయింది, ఇద్దరం ముక్కులు మూసుకొని, ఊపిరి బిగబట్టి, ఒకరి మొగం ఒకరం చూసుకొని నవ్వుకున్నం. ఆ ఫ్యాక్టరీల వాసనల నడుమ సంసారాలు ఈడ్చిన మనలాంటి ఆడోళ్లకు ఈ అలవాటు గురించి వేరే చెప్పాల్నా? నాకైతే ఆ మలుపులో ఎప్పుడూ అండమాన్ సముద్రం యాదికొస్తది.

ఊపిరి బిగబట్టుడు నాకు చిన్ననాటి విద్య. కొండాపూర్ దిక్కు మా పొలంలో పెద్ద బావి ఉండేది. నాయన నా నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, అందులోకి తోసి ఈత నేర్పిండు. ఎవరి బకెట్ జారిపడ్డా నాకే కబురొచ్చేది, నేను బుగ్గలు ఉబ్బించి అడుగుదాకా మునిగి పట్టుకొచ్చేదాన్ని, గడ్డమీద నాయన మీసం దువ్వుకుంటూ నా బిడ్డది చేప పాణమని అందరికీ చెప్పుకునేటోడు. పెండ్లయి చిట్కుల్ వచ్చినంక బావీ లేదు, ఈతా లేదు. మా ఆయన మందుల ఫ్యాక్టరీకి పోయేటోడు, నేను రేకుల గదులు బీహార్ కూలీలకు కిరాయికిచ్చి, వాళ్లతోటి కొట్లాడి కొట్లాడి హిందీ నేర్చిన. అయినా టీవీలో నీళ్లడుగు రంగు చేపలు కనిపిస్తే చాలు, పొయ్యి మీద కూర మాడిపోయేది.

ఆయన రిటైరైనంక ఏ తీర్థానికి పోదామని అడిగితే అండమాన్ అన్న. "నీకేమన్న పిచ్చి లేసిందా, ఈ వయసుల సముద్రంల మునుగుడేంది?" అని చానా లొల్లి చేసిండు గని, చివరికి టికెట్లు తెచ్చింది ఆయనే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడెక్కి ఇంకో దీవికి పోయినం. అబ్బ, ఆ నీళ్ల తేట! పడవ నీడ అడుగున ఇసుక మీద కనబడ్డది. మరునాడే తిరుగు ప్రయాణం, నాకున్నది ఆ ఒక్క పొద్దే. నీళ్లలోకి తీసుకపోయే ఆమె నా వీపుకు గాలి సిలిండర్ కట్టి, నోట్లో గొట్టం పెట్టి, ముందు నడుములోతులో మునిగి ఊపిరి తీసి చూపించమన్నది. అది వస్తేనే లోతుకు, రాకుంటే ఒడ్డుకే.

మొగం నీళ్లకు తగలంగనే నేను బుగ్గలు ఉబ్బించి బిగబట్టిన. లేపింది. మళ్లీ ముంచింది, మళ్లీ బిగబట్టిన. లోతులో గిట్ల చేసి పైకొస్తే ఊపిరితిత్తులు పగుల్తయట, పాపం ఆమె చేతులు జోడించి "మాఁజీ, సాఁస్ మత్ రోకో", ఊపిరి ఆపకమ్మా అని బతిలాడింది. ఒడ్డున మా ఆయనేమో "ఇగ చాలు, వచ్చెయ్" అని ఒకటే కేకలు. బావి అడుగు నుంచి బకెట్లు తీసినదాన్ని నడుములోతు నీళ్లకు ఓడిపోతనా అని నాకు ఏడుపొచ్చింది. ఇంకొక్కసారి అని వేలు చూపించిన. అప్పుడామె నా అరచెయ్యి తీసుకొని తన డొక్క మీద పెట్టుకున్నది. అది ఉబ్బినప్పుడు నేను పీల్చిన, తగ్గినప్పుడు విడిచిన, బుడగలు నా చెవుల పక్క నుంచి బుడబుడమని పైకి పోయినయ్.

ఇగ లోతుకు దిగినంక ఆ పగడాల గుట్టలు, నా చేతుల సందుల్లోంచి పోయిన పసుపుపచ్చ చేపలు, ఏమని చెప్పాలె! వాటికంటె నాకు యాదున్నది ఆ గాలి. ఏ వాసనా లేని గాలిని, భయం లేకుండ, కడుపునిండ పీల్చుకుంటూ మొగానికి కట్టిన అద్దాల లోపల ఏడ్చిన, సంబరానికే.

ఇప్పుడు మా బావిని పూడ్చి గోదాం కట్టిండ్రు, నాయన పోయి చానా ఏండ్లయింది. మొన్న మలుపు దాటినంక పక్కామె కొంగు తీసి, "ఇయ్యాల వాసనే లేదక్కా, ఉత్తగనే మూసుకున్నం" అన్నది. వాసన తగ్గిందో, గాలే అటు మళ్లిందో నాకు తెల్వదు. బిగబట్టుడే బతుకనుకొని ఎంత కాలం గడిపినమో! కిటికీ అద్దం జరిపి, ఇద్దరం కడుపునిండ గాలి పీల్చుకున్నం. నాయన ఉంటే ఈ విద్యకు కూడా మీసం దువ్వేటోడే.