ఇసుకలో పారాసెరాథీరియం

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు మాట తడబడేది. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్నే గానీ ‘ప్రెజెంట్ సార్’ అన్న మాట గొంతు దాటేది కాదు. పిల్లలు నవ్వుతారని ఆటల్లో కూడా నోరు విప్పేదాన్ని కాదు.

మాది రాంబిల్లి దగ్గర చేపలు పట్టేవాళ్ల ఊరు. పక్కింటి అక్క అనకాపల్లి కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. ఒక సెలవురోజు సాయంత్రం మా వాడ పిల్లలందర్నీ ఒడ్డుకు తీసుకెళ్లి, చేతిలో ఒక జిరాక్స్ బొమ్మ పెట్టుకుని, తెడ్డు కొనతో తడి ఇసుక మీద గీత మొదలుపెట్టింది. గీత ఎంతకీ ఆగదే! మేం దాని వెంటే నడిచాం. వీపు, పొట్ట పూర్తయ్యేసరికి మా తాతయ్య వచ్చి నిలబడ్డాడు.

"ఏటమ్మా, తిమింగలాన్ని గీసేవా? తోక మరిసిపోనావు" అన్నాడు.

"తిమింగలం కాదు తాతా, నేల మీద తిరిగిందే. ఖడ్గమృగానికి సుట్టం, కొమ్ముండదు. ఏనుగుకన్నా పెద్దది. మనుషులు పుట్టకముందే పోయింది. ఇప్పుడొక్కటీ నేదు" అంది అక్క.

ఆమె కాళ్లు గీస్తుంటే నేను వెళ్లి పొట్ట మధ్యలో నిలబడ్డాను. ఇంత జంతువు మీద కూడా వాన కురిసి ఉంటుంది, దీనికీ ఆకలేసి ఉంటుంది అనుకుంటే ఒళ్లు జలదరించింది.

దాని పేరు పారాసెరాథీరియం అని అక్క చెప్పింది. ఒక్కరికీ నోరు తిరగలేదు. నేనైతే పెదవి కూడా కదపలేదు.

"ఇంత బరువైంది ఒక్క ఊపున వత్తదేటి? వల లాగినట్టు లాగాల" అంటూ తాతయ్య పడవకు కట్టిన వల తాడు మా చేతికిచ్చాడు. మావాళ్లు వల లాగేటప్పుడు ఒకరు కేక అందుకుంటే మిగిలినవాళ్లు బదులు పలుకుతూ లాగుతారు. తాతయ్య ‘పారా’ అన్నాడు, మేం ‘సెరా’ అంటూ లాగాం. ఆయన ‘థీరి’ అంటే మేం ‘యం’ అన్నాం. కాసేపటికి పేరు మొత్తం మేమే అంటున్నాం. నా చూపంతా ఆ జంతువు మీదే ఉంది. అక్క సైగ చేసిందట, ఒక్కొక్కరూ నోరు ఆపేశారు. నేను గమనించుకోలేదు. తిరిగి చూసేసరికి అందరూ నన్నే చూస్తున్నారు, వినబడుతున్నది నా గొంతొక్కటే. ఎవరూ నవ్వలేదు.

మాట ఇప్పటికీ అడ్డుపడుతూనే ఉంటుంది. నలుగురిలో గొంతు పట్టేసినప్పుడు సిగ్గుపడి తల దించుకోను. కాస్త ఆగి, ముక్క ముక్కగా లాక్కుంటాను. భూమ్మీద ఒక్కటీ మిగలని ఆ జంతువు పేరులోనే నా గొంతు నాకు మొదటిసారి వినిపించింది.