అప్పన్న బావ గొంతు

పక్కింటి పెద్దమ్మ కలిపి పెట్టిన ముద్దని నా కూతురు ఇష్టంగా తింటుంటే, ఇన్నేళ్లుగా నాకు మాత్రం మెతుకు గొంతు దిగదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో అద్దెకు దిగినప్పుడు నా పాపకి రెండేళ్లు. మా ఆయన ఉద్యోగం విశాఖలో, ఆదివారాలు వచ్చేవాడు. నేను రోజూ బస్సెక్కి నరసన్నపేటలో పాఠాలు చెప్పడానికి వెళ్లేదాన్ని. పాపని పక్కింటి పైడమ్మక్క చూసుకునేది. ఆమెకి పిల్లల్లేరు. నా పాప ఆమె భుజం మీద తప్ప నిద్రపోయేది కాదు. ఆమె భర్త అప్పన్న బావ ఒడ్డున చేపల వేలం వేస్తాడు. అలల హోరులో వినబడాల్సిన గొంతు ఇంటికొచ్చినా తగ్గేది కాదు. ఉప్పు అడిగినా వీధంతా ఉలిక్కిపడేది. భార్య మీద మాత్రం ఈగని వాలనిచ్చేవాడు కాదు.

వాళ్లు ఒక బిడ్డని దత్తత తీసుకుందామని అర్జీ పెట్టుకున్నారు. ఇల్లు చూసి, ఇరుగుపొరుగుని విచారించడానికి ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుందని తెలిసి అక్క గోడలకి సున్నం వేయించింది. పసిదాని ఒంటికి ఒరుసుకోకూడదని పొందూరు నుంచి మెత్తటి ఖద్దరు తెప్పించింది. ఆమె సంబరం చూసి నేనూ నవ్వాను. లోపల ఒకటే గుబులు. వాళ్లకో బిడ్డ వస్తే, నా బిడ్డ ఎవరి భుజం మీద పడుకుంటుంది?

ఆవిడ వచ్చింది. వాళ్లిల్లు చూసి, మా గుమ్మంలోకి అడుగు పెట్టింది. అప్పుడే పక్కింట్లోంచి బావ కేక.

"ఒసే పైడీ, ఆవిడ టీ తాగకుండా ఎల్లిపోతాదే, బేగి పెట్టు!"

ఈ యాస కొత్త కాబట్టి ఆవిడకి మాటలు అర్థం కాలేదు, అరుపే వినబడింది. నాకు మాటలు కూడా అర్థమయ్యాయి.

"రోజూ ఇలాగే అరుస్తాడా?"

"రోజూనండి."

"చెయ్యి కూడా చేసుకుంటాడా?"

లేదండి అంటే సరిపోయేది. తల దించుకున్నాను. "మనకెందుకులెండి మేడం, పక్కపక్కన బతకాల్సినవాళ్లం" అన్నాను.

నేనేం అబద్ధం ఆడలేదు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. అబద్ధమైతే ఎవరో ఒకరు నిలదీసేవారు. తల దించుకుంటే ఎవరు నిలదీస్తారు? నా పాప మీద ప్రేమతోనే ఆ పని చేశానని చెప్పుకుందామా? మరి ఖద్దరు తెప్పించుకున్న మనిషిది ప్రేమ కాదా?

ఇంట్లో గొడవలున్నాయని వాళ్ల అర్జీ పక్కన పడేశారు. ఎన్నిసార్లు తిరిగినా లాభం లేకపోయింది. అక్క ఆ ఖద్దరుతో నా పాపకి గౌను కుట్టింది. దాన్ని తొడుగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"నువ్వెందుకే ఏడుస్తన్నావు? ఈయన గొంతే మా కొంప ముంచీసినాది. పోనీలే, నీ కూతురు నా కూతురు కాదేటి?" అంది.

నేను కోరుకున్నది అదే. అదే దక్కింది. ఆ గౌను ఇప్పటికీ పారేయలేకపోయాను.

ఆ తరవాత బావ ఇంట్లో గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. ఒడ్డున పాత గొంతే. గుమ్మం ఎక్కాడంటే గొణుగుడు. కాలేజీకి వెళ్తున్న నా కూతురు, "పెదనాన్న ఎంత నెమ్మదస్తుడమ్మా!" అని మురిసిపోతుంది.

వాళ్లకి ఎప్పటికైనా చెబుతానా? చెబితే నా కూతురికి పెద్దమ్మ దూరమవుతుందేమోనని భయం. చూశారా, అప్పటి భయమే. నేనేం మారలేదు. మీకు చెప్పినందుకు ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఈ పొద్దున బావ వేడి పకోడీల పొట్లం పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు. "అమ్మాయి లేచిందేటి?" అన్నాడు మెల్లగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు. గట్టిగా పిలువు బావా, అందామనుకున్నాను. పొట్లం అందుకుని లోపలికి వచ్చేశాను.