ఆనందకుమారి టీచర్ రోబో పీరియడ్

ఇందుకూరుపేట దగ్గర మా మిషన్ హైస్కూల్‌కి బ్యాటరీలతో సహా బిగించిన రోబో కిట్టు వచ్చిన రోజు పాస్టరు గారు ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. హెడ్మాస్టర్ హెన్రీ గారు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. దేవుడికి ప్రతిష్ఠించిన వస్తువు పిల్లల చేతికివ్వకూడదట. బడికి వచ్చిన కొత్త హార్మోనియానికీ ఇదే గతి పట్టించారు.

సైన్స్ టీచర్ ఆనందకుమారికి కావలసింది ఒక్కటే: తొమ్మిదో తరగతికి వారానికి ఒక రోబో పీరియడ్. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే అధికారి సరేనంటేనే అది దక్కుతుంది.

“సార్, బ్యాటరీలన్నా బయటికి తీయనీండి. ఈ ఉప్పుగాలికి కారిపోతాయి.”

“పిల్లోళ్ళు విరగ్గొడితే నువ్వు జవాబు చెప్తావా? పాఠం చెప్పేది చేతగాక బొమ్మలాట గావాల్నా నీకు?”

ఏడాది అడిగి ఆనందకుమారి విసిగిపోయింది. పాత సామాన్ల కొట్టులో కారు వైపర్ మోటారు కొంది. చెరువు గట్టున పారేసిన చెక్ ట్రే తెచ్చింది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్ళలోకి దించే పళ్ళెం అది. దాన్ని దించి, చెప్పిన వేళకు తనంతట తానే పైకి లాగే యంత్రాన్ని పిల్లల చేత చేయించింది. ఈ బడిలోనే చదివి, ఇంజనీరింగ్ కాలేజీలో రెండేళ్ళు కూర్చుని నేను ఒక్క మోటారు విప్పలేదు. వీళ్ళు రోజూ సాయంత్రం బడి వదిలాక కూర్చుని, నెల రోజుల్లో విప్పి బిగించారు.

ఇన్‌స్పెక్షన్ రోజు అధికారి బీరువా తెరిపించారు. హెన్రీ గారు మీట నొక్కారు. రోబో కదల్లేదు. కారిన బ్యాటరీలు తీగలను తినేశాయి.

“ఈమేనండీ ఇన్‌ఛార్జి. ఒక్క రోజన్నా పట్టించుకోలా,” అన్నారు హెన్రీ గారు. నోరు తడబడలేదు కూడా.

“తాళంచెవి మీ జేబులోనే కదా సార్ ఉండేది! ఇప్పుడు నా పిల్లోళ్ళు చేసింది చూడండి.”

“ఆ చెత్త ఆఫీసర్ గారి ముందరికి తెస్తావా?”

“తెస్తా. మీరు పక్కకు జరగండి.”

పిల్లలు టైమర్‌ను నిమిషానికి పెట్టారు. నీళ్ళ తొట్టిలోకి దిగిన ట్రే నిమిషం కాగానే పైకి లేచింది. అధికారి పిల్లల్నే నాలుగు ప్రశ్నలడిగి, పీరియడ్ పెట్టమని రాసి వెళ్ళారు.

హెన్రీ గారు పెట్టారు. శనివారం చివరి గంట, ఆటల పీరియడ్ పీకేసి. పిల్లలే ఆమెను అసహ్యించుకోవాలని.

మొదటి శనివారం సగం తరగతి మొహాలు మాడ్చుకుని కూర్చుంది.

“కబడ్డీ పోయిందని నన్ను తిట్టుకోండి, పర్లేదు,” అంది ఆమె, బెంచీ మీద మోటారు పెడుతూ. “తిట్టుకుంటానే ఆ స్క్రూ విప్పండి.”