కంప్యూటర్‌ల ఉండిపోయిన అమ్మ పాట

పొద్దున ప్రార్థన చేసుకొని పాత కంప్యూటర్ ఆన్ చేసిన. లోపల టిక్కుటిక్కుమన్నది. నల్లటి తెర మీద, డిస్క్ దొరకలేదని తెల్లక్షరాలు వచ్చినయి. చనిపోయిన అమ్మ పాడిన పాట రికార్డు అందులనే ఉన్నది, ఇంకెక్కడా లేదు. జ్ఞాపకార్థ కూడికల అది పెట్టమని చెల్లెండ్లు అడిగిన్రు.

మన ఈడోళ్లకు యాదుందా? రేడియో మూగబోతే సెల్లులు తీసి ఎండకు పెట్టేటోళ్లం. "ఆకలైనట్టుంది, జర ఎండ తిననియ్యి బిడ్డా" అనేటోడు బాపు. సాయంత్రానికి రేడియో పలికేది.

నార్కట్‌పల్లిల మెకానిక్ విప్పి చూసిండు. "డిస్క్ ఖరాబైంది పెద్దమ్మా, ఇగ ఏం రాదు."

"జర ఎండకు పెడితే?" అన్న. ఇద్దరం నవ్వినం.

కూడికల నేనే పాడుతనని చెల్లెండ్లకు చెప్పిన. ఇంట్ల ఒక్కదాన్నే పాడి చూసుకున్న. మాటలన్నీ వచ్చినయి. అమ్మ గొంతు ఎట్లుండెనో యాదికి రాలే.